ఆరో నంబరు గదిలో రెండు కార్లు

వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థులు కూడా ఏదో ఒకటి రాసివ్వాలని, సంచిక పని చూస్తున్న తమ్ముళ్లు కబురు పెట్టారు. హాస్టల్ జ్ఞాపకాలంటే అందరూ నీళ్ల సాంబారు గురించీ, పొద్దున్నే బకెట్లతో క్యూ గురించీ, వార్డెన్ గారి రాత్రి తనిఖీల గురించీ రాస్తారు. అవన్నీ పోయిన సంచికల్లో వచ్చేశాయి. సాంబారు ఇంకా అలాగే ఉందని కూడా విన్నాం. అందుకని మేము ఆరో నంబరు గదిలో అయిదేళ్లు అన్నిటికంటే ఎక్కువసేపు మాట్లాడుకున్న సంగతి రాస్తున్నాం. అది రెండు కార్ల గురించి. ఆ రెంటిలో ఒక్కదాన్నయినా అప్పటికి మేము కళ్లతో చూడలేదు.

మేము ఈ హాస్టల్‌కు 2018 జూన్‌లో ఇంటర్ మొదటి సంవత్సరంలో వచ్చాం. గదికి ఎనిమిదిమందిమి, ఎనిమిది ట్రంకు పెట్టెలు, బుద్ధిపుడితే తిరిగే ఫ్యాను ఒకటి. మా ఎనిమిది ఇళ్లలోనూ అంతకుముందు పది దాటి చదివినవాళ్లు లేరు. ఇప్పుడు మాలో కొందరం పీజీ దాకా వచ్చాం, ఇంటి గోడకు తగిలిన మొదటి పట్టాలు మావే. అప్పట్లో మాత్రం మా ఎనిమిది ఇళ్లకూ కలిపి ఉన్న మోటారు బండి ఒక పాత టీవీఎస్ ఎక్సెల్. దానిమీద అరటి గెలలు వేసేవారు.

ఒక ఆదివారం గుంటూరులో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మేచోట పది రూపాయలకు ఒక ఇంగ్లీషు కార్ల పత్రిక దొరికింది. ఇంగ్లీషు బాగుపడుతుందని కొన్నాం. నిజం చెప్పాలంటే అట్టమీద బొమ్మ చూసి కొన్నాం. 2009 నాటిది. అట్టమీద రెండు కార్లు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. ఒకటి జపాన్ నిస్సాన్ జీటీ-ఆర్, రెండోది జర్మనీ పోర్షే 911 టర్బో. లోపల వ్యాసం పన్నెండు పేజీలు ఉండాలి. ఆరే ఉన్నాయి. కుట్టు ఊడి తక్కిన ఆరు ఎక్కడో పడిపోయాయి. ఏది గెలిచిందో ఆ పోయిన పేజీల్లో ఉంది.

ఉన్న ఆరు పేజీలూ నిఘంటువు పెట్టుకుని పది రోజులు చదివాం. తగాదా ఇదీ. జర్మనీలో ఐఫెల్ కొండల్లో నూర్‌బర్గ్‌రింగ్ అని 1927లో తెరిచిన రేసు దారి ఉంది. ఇరవై కిలోమీటర్లకు పైన పొడవు, డెబ్బైకి పైగా మలుపులు, చుట్టూ అడవి. జాకీ స్టీవార్ట్ అనే రేసు డ్రైవరు దానికి పచ్చని నరకం అని పేరు పెట్టాడు. 1976లో అక్కడే నికీ లౌడా కారు మంటల్లో చిక్కుకుంది. ఆ తర్వాత ఫార్ములా వన్ వాళ్లు ఆ పాత దారి మీద మళ్లీ పందెం పెట్టలేదు. వేగంగా పోయే కార్లు చేసే చాలా కంపెనీలు అక్కడ ఒక చుట్టు కొట్టి టైము చెప్పుకుంటాయి. మన ఊళ్లలో ఎడ్ల బండలాగుడు పందెంలో ఎన్ని అడుగులు లాగాయో చెప్పుకున్నట్టు.

2008 ఏప్రిల్‌లో తొషియో సుజుకి అనే డ్రైవరు జీటీ-ఆర్‌తో ఆ చుట్టును 7 నిమిషాల 29 సెకన్లలో ముగించాడు. అంటే సరాసరిన గంటకు 165 కిలోమీటర్లు, మలుపులతో సహా. అది 911 టర్బో కంటే దాదాపు పది సెకన్లు తక్కువ. పోర్షే వాళ్లకు నమ్మకం కలగలేదు. అమెరికాలో ఒక జీటీ-ఆర్ కొని తెచ్చుకుని, తమ డ్రైవరుతో అదే దారిలో తోలించారు. 7 నిమిషాల 54 సెకన్లు వచ్చింది. పాతిక సెకన్ల తేడా. ఆ వేగం మీద పాతిక సెకన్లంటే కిలోమీటరుకు పైన వెనకబడ్డట్టు. మీరు కొట్టిన చుట్టులో వేసింది దుకాణంలో అమ్మే టైర్లు కావేమో అని పోర్షే వాళ్లు బహిరంగంగానే అన్నారు. నిస్సాన్ వాళ్లు మాది జనానికి అమ్మే బండే, టైర్లూ అవే అని జవాబిచ్చారు. మా పత్రిక అక్కడితో అయిపోయింది.

అక్కడినుంచి ఆరో నంబరు గది రెండుగా చీలిపోయింది. చెరో పక్షానికీ ఒక పెద్ద ఉండేవాడు. వాళ్ల అసలు పేర్లు రాయడం లేదు, హాస్టల్లో ఎవరికీ గుర్తు కూడా ఉండవు. ఒకడు పోర్షే, ఒకడు నిస్సాన్. హాజరు పిలిచేటప్పుడు ఒకసారి వార్డెన్ గారే "పోర్షే ఏడిరా?" అన్నారు.

పోర్షే వాళ్ల నాన్న ట్రాక్టరు డ్రైవరు. మావాడికి ఆ కారంటే ఎందుకిష్టమంటే దాని ఇంజన్ ఉండకూడని చోట ఉంది. వెనక ఇరుసుకు కూడా వెనక. బండిలో బరువు వెనక్కి పడితే నొగలు పైకి లేస్తాయని పల్లెటూరి పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ కారుకూ అదే తంటా, మలుపులో భయపడి కాలు తీస్తే తోక ముందుకు వస్తుంది. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో పెట్టినప్పుడు దాని పేరు 901. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు మావి అని ఫ్రాన్సులో ప్యూజో వాళ్లు అడ్డుపడితే 911 అయింది. పేరు మార్చారు గాని ఇంజన్ చోటు మార్చలేదు. "తప్పుచోట పెట్టినదాన్ని యాభై ఏళ్లు దిద్దుకుంటా వచ్చార్రా, అదీ పంతమంటే" అనేవాడు.

నిస్సాన్ వాళ్ల నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేచోట వెల్డర్. వాడి వాదం ధరతో మొదలయ్యేది. 2008లో అమెరికాలో జీటీ-ఆర్ దాదాపు 70 వేల డాలర్లు, 911 టర్బో లక్షా 20 వేల పైన. రెండింటి బలమూ 480 హార్స్‌పవరే. "తక్కువ ధర బండి ఎక్కువ ధర బండిని కొడితే కొట్టిందనరు, దొంగతనం చేసిందంటారు" అనేవాడు. దాని తాతల కథ కూడా వాడికి కంఠతా వచ్చు. మొదటి స్కైలైన్ జీటీ-ఆర్ 1969లో వచ్చింది. 1989లో వచ్చినదానికి ఒక ఆస్ట్రేలియా పత్రిక గాడ్జిల్లా అని పేరు పెట్టింది. ఆ గాడ్జిల్లా 1991లోనూ 1992లోనూ అక్కడి బాథర్స్ట్ పందెం గెలిచింది. 1992లో గెలిచినప్పుడు జనం కేకలు వేసి ఎగతాళి చేశారట. ఆ మాట చెప్పేటప్పుడు వాడి ముఖం చూడాలి, ఆ కేకలు తననే వేసినట్టు.

మొదట్లో మాకది తమాషాగానే ఉండేది. క్వార్టర్లీ పరీక్షల తర్వాత తమాషా తగ్గింది. లెక్కల్లో నిస్సాన్‌కు 75కి 73 వచ్చాయి. పేపర్లు ఇస్తూ ఇస్తూ వాడిది చివర్న పెట్టి, "ఎవరి పక్కన కూర్చున్నావ్?" అని అడిగారు ఆ లెక్చరర్. పక్కన కూర్చున్నది పోర్షే, వాడికి 41. పోర్షే లేచి, "నా పేపర్లో చూసుంటే 73 ఎట్టా వస్తాయి సార్?" అన్నాడు. క్లాసు నవ్వింది. ఆయన నవ్వలేదు. నిస్సాన్‌ను బోర్డు దగ్గరికి పిలిచి ఒక లెక్క చేయమన్నారు. చేశాడు. ఇంకోటి ఇచ్చారు. అదీ చేశాడు. "సరే, కూర్చో" అన్నారు. అంతే.

ఆ రాత్రి గదిలో టైర్ల వాదం మళ్లీ వచ్చింది. పోర్షే మంచి మనసుతోనే అన్నాడు, "అనుమానం ఉన్నప్పుడు మళ్లీ పరీక్ష పెట్టడంలో తప్పేముందిరా, ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో మనం మూడుసార్లు రీడింగు తీయట్లా?" అని. నిస్సాన్ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "వాళ్లెప్పుడైనా పోర్షేని మళ్లీ తోలమన్నారా?" అన్నాడు. లైటు తీసేశాం. మాలో ఎవరికీ వెంటనే నిద్ర పట్టలేదు.

వాదన కోసం చదివినంత మేము పరీక్షల కోసం చదవలేదు. జీటీ-ఆర్ బరువు 1,740 కిలోలు, పోర్షే 1,585. ఒకే బలం, ఎక్కువ బరువు, అయినా తక్కువ టైము ఎలా? జీటీ-ఆర్ చేసిన ఇంజనీరు కజుతోషి మిజునో టైరు నేలను పట్టుకోవాలంటే బరువు కావాలనేవాడు. పోర్షే ఇంటర్ పుస్తకం తెరిచి ఘర్షణ సూత్రం చూపించాడు. పట్టు బరువుతోపాటు పెరుగుతుంది, తిప్పడానికి కావలసిన బలమూ బరువుతోపాటే పెరుగుతుంది, రెంటికీ కొట్టివేత, కాబట్టి బరువువల్ల లాభం సున్నా. నిస్సాన్ గాలిని తెచ్చాడు. వేగం పెరిగేకొద్దీ గాలి బండిని నేలకు అదుముతుంది, ఆ అదుముడికి కిలోల లెక్క లేదు అని. తగువు ఫిజిక్స్ సార్ దగ్గరికి వెళ్లింది. ఆయన పుస్తకంలో లేని ముక్క చెప్పారు. రబ్బరు ఆ సూత్రానికి పూర్తిగా లొంగదట. మీద బరువు పెంచేకొద్దీ పట్టు పెరుగుతుంది గాని అదే నిష్పత్తిలో కాదు, కొంచెం తక్కువ. అంటే బరువైన బండికి నష్టమే. పోర్షే ఆ సాయంత్రం మెస్సులో రెండు గుడ్లు తిన్నాడు, ఒకటి పందెం గెలిచినది. మాలో ఇద్దరం డిగ్రీలో ఫిజిక్స్ తీసుకోవడానికి కారణం ఆ సాయంత్రమే. చేరేటప్పుడు అడిగితే వేరే ఏదో గొప్ప కారణం చెప్పాం.

మమ్మల్ని ఎగతాళి చేయనివాళ్లు లేరు. కాలేజీ క్యాంటీన్ దగ్గర ఒకడు మా మాటలు విని, "హాస్టలోళ్లకి పోర్షేలంట, సైకిళ్లకి గాలి కొట్టించుకోండ్రా ముందు" అన్నాడు. వార్డెన్ గారు "తిండికి లేకపోయినా మీసాలకు సంపెంగనూనె" అనేవారు. ఆయన అనేదాంట్లో ప్రేమ ఉందిలెండి, కార్ల మీద పెట్టిన బుర్ర ఎంసెట్ మీద పెట్టమని ఆయన బాధ. 2016 చివర్లో జీటీ-ఆర్‌ను మన దేశంలో 1 కోటి 99 లక్షలకు అమ్మకానికి పెట్టారని తెలిసినప్పుడు, మా నెల మెస్సు ఛార్జీతో భాగించి ఎన్ని వందల ఏళ్లో లెక్కకట్టాడు మాలో ఒకడు. వాణ్ణి ఒక పూట గదిలోకి రానివ్వలేదు. మేము కొనాలని ఎప్పుడూ అనుకోలేదు. చుక్కల గురించి చదివేవాణ్ణి చుక్క కొంటావా అని ఎవరూ అడగరు గదా, మమ్మల్నే ఎందుకు అడుగుతారో అర్థమయ్యేది కాదు.

2020 మార్చిలో హాస్టళ్లు మూశారు. ట్రంకు పెట్టెలు గదిలోనే వదిలేసి, రెండు జతల బట్టలతో ఊళ్లకు వెళ్లాం, పది రోజుల్లో వస్తామనుకుని. ఇళ్లల్లో పనుల్లేవు. ఉన్న ఫోన్లలో గ్రూపు పెట్టుకుని వాదన సాగించాం. ఇప్పుడు చేతిలో ఇంటర్నెట్ ఉంది గనక పోయిన ఆరు పేజీల జవాబు దొరుకుతుందనుకున్నాం. దొరికినవి వంద జవాబులు. ఒకరు పరీక్షించినప్పుడు ఇది, ఒకరు పరీక్షించినప్పుడు అది. 2013లో జీటీ-ఆర్ నిస్మో అదే దారిని 7 నిమిషాల 8 సెకన్లలో చుట్టిందని నిస్సాన్ పెట్టాడు. అదే ఏడాది పోర్షే 918 స్పైడర్ 7 నిమిషాల లోపే, 6:57లో చుట్టిందని పోర్షే పెట్టాడు. అది 911 కాదు గదా, ధర చూడు అని నిస్సాన్ రాశాడు. అదే వాడు గట్టిగా రాసిన చివరి మాట.

తర్వాత వాడి జవాబులు తగ్గాయి. రెండు రోజులకొకటి, వారానికొకటి, తర్వాత లేదు. వాడు ఒప్పుకున్నాడనుకున్నాం. "ఏరా నిస్సాన్, ఓడిపోయావా?" అని గ్రూపులో పెట్టాం. నవ్వే బొమ్మలు కూడా పెట్టాం. పోర్షే ఒక్కడు కాదు, అందరం పెట్టాం. ఆ సందేశం ఇంకా మా ఫోన్లలో ఉంది.

మళ్లీ హాస్టల్ తెరిచి డిగ్రీలో చేరినప్పుడు ఏడుగురం వచ్చాం. ఎనిమిదో ట్రంకు పెట్టె అలాగే ఉంది, తాళంతో. నెల చూసి, ఒక ఆదివారం నలుగురం విజయవాడ బస్సెక్కాం. ఆటోనగర్ చూసినవాళ్లకు తెలుసు, అక్కడ ఒక మనిషిని పట్టుకోవడం ఎంత పనో. వీధివీధికీ షెడ్లు, టింకరింగ్ మోతలు, పెయింటు వాసన, సగం కట్టిన లారీలు పక్కటెముకలు కనబడేట్టు నిలబడి ఉంటాయి. మధ్యాహ్నానికి దొరికాడు. మోచేతుల దాకా గ్రీజు. మమ్మల్ని చూసి ముందు సిగ్గుపడ్డాడు, తర్వాత టీ చెప్పాడు.

వాళ్ల నాన్నకు వెల్డింగ్ వెలుగుకు చూపు బాగా మందగించింది. లాక్‌డౌన్‌లో నాలుగు నెలలు పని లేదు, వడ్డీకి తెచ్చారు, అక్క పెళ్లి బాకీ అంతకుముందే ఉంది. వాడి ఫోను మే నెలలోనే కుదువలోకి వెళ్లిందట. అంటే మేము నవ్వే బొమ్మలు పంపినప్పుడు ఆ ఫోను వాడి దగ్గర లేదు. చూశావా అని అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

"ఇట్రాండి, మీకొకటి చూపిస్తా" అని లోపలికి తీసుకెళ్లాడు. బల్లమీద నత్తగుల్ల ఆకారంలో ఒక ఇనుప ముద్ద, నల్లగా మసిపట్టి ఉంది. చేతిలో పెట్టాడు. బరువుగా ఉంది. "ఇదేరా టర్బో" అన్నాడు. రెండేళ్లు దాని గురించి కొట్టుకున్నాం, నోటు పుస్తకాల్లో బొమ్మలు గీశాం, ముట్టుకోవడం అదే మొదటిసారి. అది లారీది. ఇంజన్ వదిలే పొగ ఇటువైపు చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసు మీద అటువైపు చక్రం గాలిని అదిమి ఇంజన్‌లోకి కుక్కుతుంది, నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది అని వాడు వేలితో తిప్పి చూపించాడు. "మీ పోర్షేలో ఉండేదీ ఇదే, నా నిస్సాన్లో ఉండేదీ ఇదే, ఈ లారీలో ఉండేదీ ఇదే" అన్నాడు. బయట నిలబడ్డ లారీ మీద 2518 అని ఉంది. ఆ అంకెకు అర్థం కూడా చెప్పాడు, పాతిక టన్నులు, నూట ఎనభై గుర్రాలు. "నాలుగొందల ఎనభై గుర్రాలు పెట్టి ఒకడు సరదాకి తిరుగుతాడు. నూట ఎనభైతో ఇది పాతిక టన్నులు లాగుద్ది. ఏది గొప్పో చెప్పండి" అన్నాడు. పోర్షే నోరు తెరవలేదు. ఆ ప్రశ్న మా వాదనలో ఎన్నడూ రాలేదు.

బయల్దేరేటప్పుడు వాళ్ల నాన్న వచ్చారు. ముఖాలు దగ్గరగా చూసి గుర్తుపట్టి, "మావోణ్ణి తీసకపోండయ్యా. నా మాట ఇనట్లేదు. నాదేవుంది, ఎట్టోగట్టా గడుస్తది" అన్నారు. మేము వాడి వైపు చూశాం. వాడు పానా తుడుస్తూ, "వచ్చే ఏడు చూద్దాం నాన్నా" అన్నాడు. బస్సులో మేము నలుగురం ఒక్క మాట మాట్లాడుకోలేదు. హాస్టల్‌కు వచ్చాక వార్డెన్ గారికి చెప్పి ఎనిమిదో ట్రంకు పెట్టెను ఆయన గదిలో పెట్టించాం. ఆ ఏడాది వాడి మంచం ఎవరికీ ఇవ్వొద్దని అడిగితే ఇవ్వలేదాయన. రిజిస్టరులో ఏం రాసుకున్నారో మాకు తెలియదు.

వచ్చే ఏడు వాడు రాలేదు. ఆ పై ఏడు అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీకి కట్టాడు. మా నోట్సులు జిరాక్సు తీసి పంపేవాళ్లం. ఇంకా రెండు పేపర్లున్నాయి. షెడ్డులో మాత్రం ఇప్పుడు వాడు మేస్త్రీ. ఇంజన్ శబ్దం విని జబ్బు చెబుతాడని ఆటోనగర్‌లో వాడికి పేరు.

పోర్షేను కూడా మరచిపోకూడదు. బీఈడీ చేశాడు. పరీక్ష రాయడానికి హైదరాబాద్ వెళ్లినప్పుడు బంజారాహిల్స్‌లో సిగ్నల్ దగ్గర మొదటిసారి ఆ గుర్తు ఉన్న బండిని చూశాడు. అది 911 కాదు, కయెన్, జీపులాగా ఎత్తుగా ఉండేది. ఏడేళ్లు ఎదురుచూసినవాడికి దేవుడు ఇలాంటి దర్శనం ఇచ్చాడని మేము నవ్వితే, అవి అమ్మిన డబ్బుతోనే 911 బతికింది, దాన్ని ఏమీ అనొద్దు అన్నాడు. సిగ్నల్ పచ్చరంగు పడ్డాక కూడా వాడు రోడ్డు దాటలేదట.

2025 ఆగస్టులో జపాన్‌లోని తొచిగి కర్మాగారంలో చివరి జీటీ-ఆర్ తయారైంది. 2007 నుంచి పద్దెనిమిదేళ్లలో దాదాపు 48 వేల బండ్లు. ఆ వార్త మేము చూసేసరికే ఆటోనగర్ నుంచి ఫోన్ వచ్చింది. అందరినీ కలిపి మాట్లాడాం, ఎనిమిదిమందిమీ ఒకేసారి మాట్లాడుకుని చాలా కాలమైంది. పోర్షే ఏమంటాడోనని ఎదురుచూశాం. వాడు మొదట పలకరింపుకు వచ్చిన చుట్టంలాగా నెమ్మదిగా, "మంచి బండిరా" అన్నాడు. ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత, "అయినా ఆ టైర్లు మాత్రం..." అన్నాడు. నిస్సాన్ అవతల షెడ్డులో ఎవరినో "ఆ మిషను ఆపరా కాసేపు" అని అరిచి, మొదలుపెట్టాడు. నలభై నిమిషాలు సాగింది. మధ్యలో ఆ రెండు పేపర్ల ఫీజు కట్టావా అని అడిగాం. కట్టానన్నాడు. నమ్మాం.

తమ్ముళ్లకు ఒక మనవి. ఆ పత్రికను మేము ఖాళీ చేసినప్పుడు ఆరో నంబరు గదిలో కిటికీ పక్క అల్మరా పై అరలో, వార్తాపత్రిక కింద పెట్టి వచ్చాం. అట్ట చిరిగిపోయి ఉంటుంది. పాత కాగితాలవాడికి వేసేయకండి. తక్కిన ఆరు పేజీలు మీకు ఏ ఫుట్‌పాత్ మీదైనా దొరికితే కొనండి, డబ్బు మేమిస్తాం. చదివి ఎవరు గెలిచారో మాకు మాత్రం చెప్పొద్దు. ఆటోనగర్ చిరునామా వార్డెన్ గారి దగ్గర ఉంది, ముందు అక్కడికి పంపండి.